గాలికి వీపు పెట్టిన ఆఫీసు

ఉదయగిరి బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటారు. ఏ కిటికీ దొరికితే ఆ కిటికీలోంచి విసరరు. పొద్దు ఎటున్నదీ, బస్సు ఎటు పోయేదీ చూసుకుని, దారి పొడుగునా ఎండ తగలని పక్కకే విసురుతారు. ఈ లెక్క నాకు మా అక్క నేర్పింది. నేను ఆత్మకూరు హాస్టల్లో చదువుకునే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కించడానికి వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడి ఒకటే అరిచేది.

"ఎడమ పక్క కూసోరా! కుడి పక్క మాడిపోతావు!"

నేను ఉద్యోగస్థుణ్ణయ్యాక కూడా, నన్ను ఎక్కడ బస్సెక్కించినా, పక్కన నా కింద పనిచేసేవాళ్ళున్నా సరే, ఆ అరుపు మానలేదు.

ఎండ ఎటు పడుతుందో చూసుకోకుండా బస్సు సీటు కూడా పట్టని ఊరు మాది. ఆ ఊళ్ళో పుట్టి, ఆ పైన ఇంజినీరింగ్ డిప్లొమా చదివి, ఎండకు ముఖం, గాలికి వీపు పెట్టిన ఆఫీసు ఒకటి ఆత్మకూరులో కట్టించాను. తెలియక కాదు. తెలిసే చేశాను. ఆ ఆఫీసులో మా అక్క టైపిస్టు.

మాది ఉదయగిరి పక్కన ఒక చిన్న పల్లె. మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ఆదివారం ఏసు గుడికి, మిగతా రోజులు కూలికి పోయే కుటుంబాలు మావి. మా పల్లెలో ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చున్న మొదటి ఆడమనిషి మా అక్క. ఆమెకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా నాయన ఏదో పని కల్పించుకుని ఆత్మకూరు పోయి, ఆఫీసు కిటికీ బయట నిలబడి, టైపు మిషను చప్పుడు కాసేపు విని, లోపలికి పోకుండా వెనక్కి వచ్చేవాడు. ఎందుకు పోలేదంటే, "పని చేసుకునేదాని దగ్గరికి పోయి పలకరిస్తే మర్యాదేనా?" అనేవాడు.

ఆ ఆఫీసు ఒక అద్దె గోదాము. పైన సిమెంటు రేకులు. ఎండాకాలం పది దాటితే రేకుల కింద గాలి నిలవ నీళ్ళలాగా కదలకుండా ఉండేది. మర్రిపాడు మెట్ట వైపు ఎండ పొడిగా కాల్చి వదిలేస్తుంది. ఆత్మకూరులో అట్లా కాదు. చుట్టూ వరిమళ్ళు, కాలవలు, దక్షిణాన పెన్న. ఒంటిమీద పట్టిన చెమట ఆరదు. కరెంటున్నా ఫ్యాను తిప్పనిచ్చేవాళ్ళు కారు, బల్లల మీద కాగితాలు లేచిపోతాయని. అక్క మెడ చుట్టూ తడిగుడ్డ వేసుకుని స్టెన్సిళ్ళు, అంటే సైక్లోస్టైల్ కాపీలు తీసే మైనపు కాగితాలు, కొట్టేది. చెమట చుక్క స్టెన్సిల్ మీద పడితే అక్షరం చెదిరిపోతుంది. అందుకని మోచేతుల దాకా గుడ్డ చుట్టుకునేది.

తొంభైల మొదట్లో ఒక మే నెలలో అక్క మిషను ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటికే ఆమెకు తలనొప్పులుండేవి. నొప్పి వస్తే కళ్ళముందు అక్షరాలు రెండుగా కనిపించేవి. నెల్లూరు డాక్టరు మందులు రాసి, మందులకంటే ముఖ్యం ఇదమ్మా అని ఒక మాట చెప్పాడు. వేడిలో కూర్చుంటే ఇది తగ్గదు, చల్లటి చోట పని దొరికితే చెయ్యి, లేకపోతే మానెయ్.

మా బావ ఆత్మకూరులోనే మిషను ఎలిమెంటరీ బడిలో టీచరు. నెమ్మదస్థుడు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన కూడా ఆ మాటే అన్నాడు.

"మానెయ్ మే. నీ టైపు లేకపోతే గవర్నమెంటు ఆగిపోతాదా ఏంది?"

"ఆగిపోతాది," అంది అక్క. "నేను కొట్టకపోతే మా ఆఫీసరుకు సంతకం పెట్టే దానికి కాయితం యాడుంటాది?"

"నవ్వులాట కాదు. పడిపోయినావు."

"పడినాను, లేచినాను. ఇంటికాడ పడితే ఎవురన్నా జీతమిస్తారా?" అని నా వైపు తిరిగింది. "ఏందిరా, నువ్వు మాట్లాడవు? ఊరికంతా బిల్డింగులు కడతావు గదా, మాకొక గాలొచ్చే ఆఫీసు కట్టకూడదా?"

నేను భవనాలు కట్టే శాఖలో, ఆత్మకూరులోనే, చిన్న ఇంజినీరుని. ఆ గోదాము బదులు సొంత భవనం కట్టడానికి మంజూరు వచ్చిన సంగతి అప్పటికే నాకు తెలుసు. నేను కేరళలో కొన్నాళ్ళు శిక్షణకు వెళ్ళి, ఫ్యాన్లమీద ఆధారపడకుండా, సిమెంటూ ఇనుమూ తగ్గించి చల్లటి భవనాలు కట్టే పద్ధతులు చూసి వచ్చాను. వచ్చిన దగ్గరనుంచి అట్లాంటిది ఒక్కటైనా కట్టాలని నా కోరిక. అన్నం కలుపుతూనే చెప్పాను.

"కడతానక్కా. ప్లాను నాకే ఇస్తున్నారు. ఫ్యానుతో పనిలేని ఆఫీసు కడతాను. అంతదాకా ఓర్చుకో."

"ఫ్యానుతో పని లేకుండానా?"

"లేకుండానే."

అక్క బావ వైపు చూసింది. "విన్నావా? నేను మానను. వాడు కట్టేదాకా తడిగుడ్డేసుకుని ఉంటాను."

ఆమె ఉద్యోగం ఆ రోజునుంచి నా ప్లాను మీద ఆధారపడింది. నాకు అప్పుడది గర్వంగా అనిపించింది, భయంగా కాదు. భయపడి ఉంటే బాగుండేది.

స్థలం బస్సు రోడ్డు పక్కన ఉంది. స్థలానికి పడమట రోడ్డు, తూర్పున వరిమళ్ళు, రోడ్డు వైపు అంచున రెండు పెద్ద వేపచెట్లు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ఒక ఆదివారం గుడి అయిపోయాక అక్క నాతోబాటు వచ్చింది. స్థలం మధ్యలో సరివి కర్ర పాతి, దాని కొసకు ఆమె పాత రిబ్బను కట్టాం. వేపచెట్టు కింద కూర్చుని దాన్ని చూస్తూ కూర్చోవడమే ఆ రోజు పని.

మధ్యాహ్నమంతా రిబ్బను తూర్పుకే తేలుతూ ఉండింది. అంటే గాలి పడమటనుంచి, కాలుతూ, రోడ్డు దుమ్ము మోసుకుంటూ వస్తోంది. పొద్దు వాలాక కాసేపు రిబ్బను కర్రకే అంటుకుని వేలాడింది. ఉక్క. అక్క పైటతో విసురుకుంటూ, "ఇంక రాదేమోరా నీ గాలి," అంది. నేను బదులు చెప్పేలోపలే రిబ్బను కొస కొంచెం కదిలి, ఇటు తిరిగి, మా వైపుకు, పడమటికి, చాచుకుంది. ఆగ్నేయం మూలనుంచి, పెన్న వైపునుంచి, సముద్రపు గాలి. మళ్ళ మీదుగా రావడం వల్ల చల్లగా ఉంది.

"అబ్బ!" అని అక్క మెడ మీద పైట తీసేసింది. "ఈ గాలినే పట్టి పెట్టరా నాకు."

నేను ప్లాను అట్లాగే వేశాను. రోడ్డువైపు, అంటే పడమటి పక్క, రికార్డు గదులు, మెట్లు, మరుగుదొడ్లు. మందంగా, లోపల బోలుగా ఉండే ఇటుక గోడ. కిటికీలు దాదాపు లేవు. సాయంత్రం ఎండకు ఆ గదులు, వాటిలోని పాత కట్టలు అడ్డు నిలబడతాయి. కాగితాలకు ఎండ తగిలితే తగలనీ, మనుషులకు తగలకూడదు. మనుషులు కూర్చునే హాలు తూర్పు వైపు. దానికి ముందు వరండా, హాలుకూ వరండాకూ మధ్య కంతల గోడ, అంటే ఇటుకకూ ఇటుకకూ మధ్య ఖాళీలు వదిలి కట్టే గోడ. కంతలు బల్ల ఎత్తుకు పైనుంచి మొదలవుతాయి. గాలి తలలమీదుగా పోతుంది, బల్లమీద కాగితం కదలదు. అవతలి పక్క గోడల పైభాగాన వేడిగాలి బయటికి పోయే ఖాళీలు. స్లాబులో సిమెంటు తగ్గడానికి మధ్యమధ్య పాత పెంకులు. పైన సున్నం పూత. వేపచెట్లు రెండూ ఉన్నచోటనే ఉంటాయి.

ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీశాక, హాల్లో ఆగ్నేయం వైపు కంతల గోడకు దగ్గరగా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. అక్కకు చూపించాను.

"ఇది నీ బల్ల."

"ఇంత చిన్నదా?" అని నవ్వి, ఆ చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మా పెద్ద ఇంజినీరుకు ఇవన్నీ కొత్త. అయినా చెడ్డవాడు కాదు. "శాఖకొక మామూలు నమూనా ఉండాది, డబ్బా మాదిరి. దాంతో నాకు తలనొప్పి లేదు. నీకింత పట్టుదలగా ఉంటే చెయ్. కానీ పైనుంచి ఎవరన్నా కాదంటే నేను నిలబడను. అప్పుడు డబ్బానే," అన్నాడు.

శంకుస్థాపన దగ్గరకొచ్చింది. ఆ పనికి రాబోయే నాయకుడు ముందుగా స్థలం చూడడానికి వచ్చాడు. జీపులోంచి దిగి, నా బ్లూప్రింటు బానెట్ మీద పరిపించుకున్నాడు. బాగా చదువుకున్నవాడు కాదు గానీ ప్లాను పట్టుకోవడంలో తెలివైనవాడు.

"రోడ్డు ఏ పక్కబ్బయ్యా?"

చూపించాను.

"ఈడ ఏముండాది?"

"రికార్డు రూములు సార్. మరుగుదొడ్లు."

ఆయన వెంట వచ్చినవాళ్ళు కిసుక్కుమన్నారు.

"అంటే బస్సు దిగి వచ్చే జనానికి మొదట నీ మరుగుదొడ్డి కనపడాల. నా పేరు రాసిన బండ యాడ పెడతావు? దాని గోడకేనా?"

ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కోపమేమీ లేదు. "బిల్డింగ్ బాగుండాది. కానీ ముఖం రోడ్డుకుండాల. ఆ చెట్లు కొట్టించు, ముఖం కనపడదు. అంతే."

పెద్ద ఇంజినీరు నా వైపు చూశాడు. నాకు ఆయన చూపు అర్థమైంది. నువ్వు కుదరదంటే ఇప్పుడే చెప్పు, డబ్బా నమూనా తీస్తాను.

ఆ డబ్బా నమూనా మంచిదేమీ కాదు. కానీ దానికి నాలుగు వైపులా కిటికీలుంటాయి. తూర్పున కూడా ఉంటాయి. అక్కకు దాంట్లో ఎంతో కొంత గాలి దొరికేది. ఇది నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా నా నోటినుంచి వచ్చిన మాట వేరు.

"ముఖం రోడ్డుకు తిప్పొచ్చు సార్. ఇబ్బందేం లేదు."

ఎందుకన్నానో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. పైవాడికి భయపడ్డాననుకుంటే కొంత ఊరట. కానీ నిజం అది కాదు. నా కంతల గోడ, నా బోలు గోడ, నా పెంకుల స్లాబు, ఇవి కట్టి చూపించాలి. ప్లాను కింద నా సంతకం ఉండాలి. అది ఎటు తిరిగి నిలబడుతుందన్నది రెండో సంగతైపోయింది. ప్లానును కాపాడుకోవడం కోసం ప్లాను దేనికోసమో దాన్ని వదులుకున్నాను.

కొత్తగా గియ్యడానికి వ్యవధి లేదు. మా పనిలో ఒక సులువు ఉంది. ట్రేసింగ్ కాగితం పల్చన, రెండు పక్కలా గీత కనపడుతుంది. దాన్ని బల్లమీద బోర్లా తిప్పితే తూర్పు పడమరవుతుంది, పడమర తూర్పవుతుంది. గీతలన్నీ సరిగ్గానే ఉంటాయి. అక్షరాలు మాత్రం తలకిందులుగా కాక, అద్దంలో మాదిరిగా కనపడతాయి. విరిచిన సగం బ్లేడుతో ఆ అక్షరాలు గీకేసి, ఇవతలి పక్కన మళ్ళీ రాశాను. హాలు అనే మాట పడమట రాశాను. రికార్డు గదులు అనే మాట తూర్పున రాశాను. ఉత్తరం చూపించే బాణం కాగితం పై అంచున ఉంది. అట్లా తిప్పితే అది మారదు. పైకే చూపిస్తుంది. కాబట్టి కాగితం చూసినవాళ్ళెవరికీ అందులో ఏ తప్పూ కనపడలేదు. ఒక పూటలో పని అయిపోయింది. పెద్ద ఇంజినీరు, "ఇంత సులువా? నేనేదో అనుకున్నా," అని సంతకం పెట్టాడు.

అక్క బల్ల చుక్క కూడా కాగితంతోబాటు తిరిగింది. నైరుతి వైపుకు, పడమటి కంతల గోడ పక్కకు. దాన్ని చెరపడానికి రబ్బరు తీసుకున్నాను. చెరపలేదు. ఎందుకో చెరిపితే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది.

గోడలు లేస్తుండగా అక్క ఒకసారి చూడడానికి వచ్చింది. వేపచెట్లు అప్పటికే కొట్టేశారు. మొద్దుల పక్కన నిలబడి చుట్టూ చూసింది.

"ఇది అటు పక్క గదంట్రా ఉండాల్సింది?"

"రోడ్డుకు ముఖం ఉండాలన్నారక్కా."

"మరి గాలి?"

"గాలికి కంతలుంటే చాలు. ఏ పక్కనైనా వస్తుంది."

ఆమె నన్ను నమ్మింది. లేదా నమ్మినట్టు తల ఊపింది. నేను ఆ తల ఊపడాన్ని పట్టుకుని ఇంటికి పోయి నిద్రపోయాను.

ప్రారంభోత్సవం చలికాలంలో జరిగింది. అందరూ బాగుందన్నారు. కంతల గోడ రోడ్డుమీదికి అందంగా కనపడేది. బస్సు కిటికీల్లోంచి జనం తల తిప్పి చూసేవాళ్ళు. నెల్లూరు నుంచి ఇద్దరు ఇంజినీర్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. అక్క తన మిషను నేను చుక్క పెట్టిన చోటే వేయించుకుంది. "మా తమ్ముడు ప్లానులోనే నాకు చోటు పెట్టినాడు," అని తోటివాళ్ళతో చెప్పుకునేది. ఇంకోచోటికి జరగమంటే ఒప్పుకునేది కాదు.

ఎండాకాలం వచ్చింది. మధ్యాహ్నం కాగానే పొద్దు రోడ్డు అవతలికి జరిగి, కంతల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా హాల్లోకి పడేది. నేలమీద, బల్లలమీద, మనుషుల వీపులమీద. కంత కంతకూ వడగాలి, దాంతోబాటు లారీల దుమ్ము. సాయంత్రం వచ్చే చల్లగాలి తూర్పు గోడకు, రికార్డు కట్టలకు తగిలి ఆగిపోయేది. లోపల మనుషులు ఉడికిపోయేవాళ్ళు. సిబ్బంది బల్లలు నీడలోకి లాక్కునేవాళ్ళు. ఎండ ముందుకు వచ్చేకొద్దీ ఇంకా వెనక్కి లాక్కునేవాళ్ళు. సాయంత్రానికి ఆఫీసంతా తూర్పు గోడకు చేరి, గొర్రెల మంద మాదిరి ఒకరిమీద ఒకరు పడి ఉండేది.

నేను ఏదో పనిమీద వెళ్ళినప్పుడు అటెండరు గుమ్మంలోనే అన్నాడు.

"మా ఆఫీసు మధ్యాహ్నం నుంచి నడస్తాది సార్. పొద్దున ఈడుంటాది, సాయంత్రానికి ఆడికి పోతాది. జనం వచ్చి వెతుక్కుంటుండారు."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆమె బల్ల ఒక్కటే జరగలేదు. మిషను బరువు, కదిపితే లైను తప్పుతుందని ఆమె సాకు. మెడమీద మళ్ళీ తడిగుడ్డ వచ్చింది.

ఆ తరువాత ఎవరు మొదలుపెట్టారో, కంతల్లో ఏవో కూరడం మొదలైంది. పాత ఫైలు అట్టలు, గోనె ముక్కలు, చింపిన క్యాలెండర్లు. అక్క తన పక్కనున్న కంతల్లో వాడిపారేసిన స్టెన్సిళ్ళు మడిచి పెట్టింది. ఎండ ఆగింది. ఆఫీసరు తన గదిలోకి ఒక కూలరు తెప్పించుకున్నాడు. అది ఉక్కను ఇంకా పెంచి, గోడలకు చెమ్మ పట్టించింది.

మరుసటి ఎండాకాలానికి ఫిర్యాదులు పైకి పోయాయి. మా పెద్ద ఇంజినీరు చూడడానికి బయలుదేరాడు. జీపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"నిజం చెప్పు. ప్లానులో పొరపాటుందా? ఉంటే మరమ్మతు చేయిద్దాం. రికార్డు కట్టలు పడమటికి మార్చి, తూర్పు గోడకు పెద్ద కిటికీలు పెట్టొచ్చు. పడమట కంతలు మూసేద్దాం. పెద్ద పనేం కాదు. కానీ పొరపాటని నువ్వు నోటితో అనాల. గీసినవాడివి నువ్వు."

ఇంతకంటే ఎవరు ఏం చేస్తారు? దారి చూపించాడు. మాట ఒకటే అడిగాడు. నేను "చూద్దాం సార్" అన్నాను.

హాల్లో సిబ్బంది లేచి నిలబడ్డారు. నెల్లూరు నుంచి ఫోటోలు తీసుకుని వెళ్ళినవాళ్ళలో ఒకాయన కూడా ఆ రోజు వచ్చి ఉన్నాడు. ఆయన నా వైపే చూస్తున్నాడు. పెద్ద ఇంజినీరు గోడ చూసి అడిగాడు.

"ఎందుకింత ఉడకపోస్తుందయ్యా ఈడ?"

నేను అక్క ఉన్న వైపు చూడకుండా చెప్పాను.

"డిజైన్ గాలి ఆడడానికి చేసింది సార్. స్టాఫ్ కంతలన్నీ మూసేసినారు. చూడండి, చెత్తంతా కూరినారు. మెయింటెనెన్స్ లేదు. గాలి ఎట్లా వస్తుంది?"

అటెండరు ఏదో అనబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. నేను ఆమె తమ్ముణ్ణని అందరికీ తెలుసు.

అక్క తన కుర్చీ వెనక్కి జరిపింది. గోడ దగ్గరికి పోయి, తను పెట్టిన స్టెన్సిళ్ళు ఒక్కొక్కటే లాగి బల్లమీద పెట్టింది. నూనె మరకలతో ఎండిపోయి ఉన్నాయవి. కంతల్లోంచి వడగాలి, తలలమీదుగా పోకుండా, బల్లమీదికే కొట్టింది. బల్లమీద కాగితాలు లేచి హాలంతా ఎగిరాయి. ఆమె వాటిని ఏరుకోలేదు.

"చూసినారా, గాలొస్తుంది," అన్నాడు నెల్లూరాయన.

పెద్ద ఇంజినీరు నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. ఆయనకు తెలుసు. అయినా నేను అనని మాట ఆయన ఎట్లా రాస్తాడు? కంతలు ఎవరూ మూయకూడదని, మూస్తే సంజాయిషీ అడుగుతామని చెప్పి వెళ్ళిపోయాడు. అటెండరు సాయంత్రానికి గోడంతా శుభ్రం చేశాడు.

ఆ ఎండాకాలం వాళ్ళందరూ ఆ కంతల ముందే కూర్చున్నారు. అక్క ఇప్పుడు కూడా బల్ల జరపలేదు. ఆఫీసరు జరుపుకోమన్నాడట. "ఇది డిజైన్లో నా చోటు సార్," అందట. అటెండరు చెప్పాడు. ఏ గొంతుతో అందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

తలనొప్పులు రోజూ వచ్చేవి. అక్షరాలు రెండుగా కనపడి తప్పులు పడేవి. ఎప్పుడూ తప్పు కొట్టని మనిషి, ఒకే ఉత్తరం మళ్ళీ మళ్ళీ కొట్టేది. రోహిణి ఎండల్లో ఒకరోజు మిషనుమీదికే ఒరిగిపోయింది. ఈసారి నుదుటిమీద మిషను అంచు తగిలి చీలింది. బావ వచ్చి రిక్షాలో తీసుకుపోయాడు. నేను అప్పుడు కలిగిరిలో వేరే పని చూస్తున్నాను. కబురు అందేసరికి ఆమె ఇంట్లో ఉంది. సెలవు పెట్టింది. ఆ సెలవులోంచి మళ్ళీ ఉద్యోగానికి పోలేదు. చెయ్యలేనని రాసిచ్చేసింది. బావ ఉదయగిరికి బదిలీ పెట్టించుకుని ఆమెను ఊరికి తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు ఆ ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. అక్క బల్ల ఉన్నచోటే పెట్టారు. దానికి దుమ్ము పడదు, వేడి పడదు. కాబట్టి పైనుంచి ఆర్డరు వచ్చి, కంతల గోడను లోపలివైపునుంచి సిమెంటుతో పూసేశారు. బయటికి అందం కోసం అట్లాగే ఉంచి రంగు వేశారు. హాలుకు ఏసీ పెట్టారు. పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. కరెంటు పోతే అందరూ రోడ్డుమీదికి వచ్చి నిలబడతారు. చెట్లు లేవు కాబట్టి పక్కనున్న టీకొట్టు పందిరి కిందికి పోతారు. మనిషికోసం పూడ్చకూడదన్న కంతలు యంత్రంకోసం పూడ్చడానికి ఎవరి సంజాయిషీ అవసరం కాలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. నాకు ఆ ఏడాదే పై పదవి వచ్చింది.

చాలా నెలలు ఆలోచించుకుని, ఒక ఆదివారం ఉదయగిరి పోయాను. అంతకుముందు పోలేదని కాదు, పోయినప్పుడల్లా వేరే మాటలు మాట్లాడి వచ్చేవాణ్ణి. ఆ రోజు చెప్పాలనే పోయాను. అక్క ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతితో తడిమి తీస్తోంది. నుదుటిమీద గీత తెల్లగా కనపడుతోంది.

"ప్లాను నేను తిరగేశానక్కా," అన్నాను. "కాగితం బోర్లా వేసి గీశాను. అటు గాలి రాదని తెలుసు."

"తెలుసులేరా," అంది తల ఎత్తకుండానే. "రిబ్బను ఎటు ఎగిరిందో నేను చూడలేదా?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏం చేసుంటావు? నీ పైవాళ్ళు చెప్పినారు, చేసినావు. పెద్దోళ్ళు ఏం చెపితే అది చెయ్యాల్సిన ఉద్యోగం. అది నాకు తెలవదా? నేనూ అదే కదా చేసింది, వాళ్ళు రాసింది కొట్టడం." గింజ ఒకటి తీసి చాటలో వేసింది. "దాని గురించి నేను ఎప్పుడన్నా నిన్నొక మాట అన్నానా?"

"అనలేదు."

"అనను. కానీ ఆ రోజు అందరిముందరా చెత్త కూరినారన్నావే. నా స్టెన్సిళ్ళురా అవి. ఎండకు తట్టుకోలేక పెట్టుకుంటి. నువ్వు కట్టిన ఆఫీసులో ఎట్టో ఒకట్ట ఉండాలనే పెట్టుకుంటి. అవి చెత్తన్నావు."

తప్పు అయిపోయింది, క్షమించు అనే మాటలు నోటిదాకా వచ్చాయి. ఆ గింజల చప్పుడు ముందు అవి మరీ చిన్నవిగా అనిపించి అనలేకపోయాను. అనలేదు కాబట్టి ఆమె ఏమని ఉండేదో నాకు ఎప్పటికీ తెలియదు. కానీ క్షమించేది కాదని నాకనిపిస్తుంది. క్షమించకపోవడానికి ఆమెకు హక్కుంది.

బావ మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి, వానల సంగతి ఏదో మాట్లాడి లోపలికి పోయాడు. పొద్దు వాలుతోంది. ఇంటి వెనకనుంచి చిన్నగా గాలి మొదలైంది. అక్క పైట మెడమీద అట్లాగే ఉంచుకుంది.

"పో, బస్సు పోతాది," అంది.

బస్టాండు వాళ్ళ ఇంటికి దగ్గరే. బావతోబాటు ఆమె కూడా వచ్చింది, ఎప్పటి మాదిరే. బస్సు వచ్చింది. జనం తువ్వాళ్ళు విసిరారు. నేను ఎక్కి, ఖాళీగా కనపడిన సీట్లో కూర్చున్నాను. కిటికీలోంచి చూశాను. అక్క బస్సుకు దూరంగా, దుకాణం నీడలో నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆమెకు ఆ దూరాన కనపడిందో లేదో తెలియదు. బస్సు కదిలింది. ఆమె ఏమీ అరవలేదు.

ఊరు దాటి చాలాదూరం వచ్చాక, ముఖంమీద ఎండ చురుక్కుమంటుంటే అప్పుడు చూసుకున్నాను. కుడి పక్క కూర్చున్నాను. ఎడమ పక్క సీట్లు అప్పటికే నిండిపోయి ఉన్నాయి.